క్యాంపు వెనక పిట్టల మస్టర్

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడినది షార్జాలో పనిచేస్తున్న ఒక కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ అన్న. ఆయన మాట తీరును మార్చకుండా పూర్తి పాఠం ఇక్కడ ఇస్తున్నాం.

అందరికీ నమస్తే. సైట్ బస్సుల చెవిల పెట్టుకొని వింటున్నోళ్లకు, నైట్ డ్యూటీ చేసి ఇప్పుడే మంచమెక్కినోళ్లకు, వంటకు ఉల్లిగడ్డ కోస్తూ వింటున్నోళ్లకు, అందరికీ నమస్తే.

నాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఐటీఐల సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసిన. ఇరవై రెండేళ్ల వయసుల గల్ఫ్ వచ్చిన, ఇప్పుడు నలభై నాలుగు. మొదట షట్టరింగ్ హెల్పర్, తర్వాత ఫోర్‌మన్, ఇప్పుడు సూపర్‌వైజర్. ఈ పాడ్‌కాస్ట్‌ల ఎక్కువగా వీసా ముచ్చట, పైసల ముచ్చట వింటం. నేను ఈరోజు పిట్టల ముచ్చట చెప్తా. జర నవ్వకుండా వినండ్రి. చివరికి మన ముచ్చటే అయితది.

మనం సెప్టెంబర్ నెలను ఎట్ల గుర్తుపెట్టుకుంటం? జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పగలు పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండల పని బంద్ ఉంటది గదా, ఆ రూల్ అయిపోయే నెల అని గుర్తుపెట్టుకుంటం. ఇక్కడి అరబ్బులకు వేరే గుర్తు ఉన్నది. ఆగస్టు ఆఖరి వారంల తెల్లవారుజామున దక్షిణం దిక్కు సుహైల్ అనే చుక్క కనబడితే ఎండాకాలం వెనక్కి తిరిగిందని లెక్క. ఆ సుహైల్ ఎవరో కాదు, మన అగస్త్య నక్షత్రమే. అదే రోజుల్ల ఇంకో గుర్తు కూడా వస్తది. అది ఆకాశంల కాదు, మన క్యాంపు వెనక గోడ మీద వాలుతది.

నేను ఉండేది సజ్జా పారిశ్రామిక ప్రాంతంల. మూడు బ్లాకుల క్యాంపు. వెనక ప్రహరీ గోడ, గోడ అవతల ఇసుక, తుక్కు సామాను. గోడకు ఇవతల నీళ్ల ట్యాంకర్ వచ్చి నింపే చోటు. అక్కడ పైపు కొంచెం కారుతుంటది. ఆ తడికి రెండు వేపచెట్లు, ఒక రేగుచెట్టు బతికినయి. ఇంకో ముసలి చెట్టు ఉన్నది, దాని గురించి తర్వాత చెప్తా. మనోళ్లు బట్టలు ఆరేసుకునేది, ఫోన్ మాట్లాడుకునేది అక్కడే. పెరడు అనుకుంటే పెరడు.

మూడేళ్ల కింద ఒక నోట్‌బుక్ కొన్న. సైట్ మీద రోజూ మస్టర్ రాస్తం గదా, ఎవడు వచ్చిండు, ఎవడు రాలేదు అని. గట్లనే పిట్టలకు మస్టర్ మొదలుపెట్టిన. మూడు గళ్లు. ఉన్నోళ్లు, వచ్చినోళ్లు, పోయినోళ్లు. సెప్టెంబర్‌ల పొద్దు ఆరింటికి పొడుస్తది. బస్సు ఆరుంబావుకు. వెలుతురు పడ్డప్పటి నుంచి బస్సు హారన్ దాకా అరగంట నాది. ఆదివారం సెలవు నాడు రెండు గంటలు.

మొదటి గడిల ఎప్పుడూ ఉండేటోళ్లు. గువ్వలు, పిచ్చుకలు, గోరింకలు, పిగిలిపిట్టలు, రామచిలుకలు. చూస్తే మన ఊరే అనిపిస్తది. ఇండ్ల గోరింక, పిగిలిపిట్ట ఈ నేలవి కావు. పంజరాల్ల తెచ్చినయి తప్పించుకొని, పిల్లల్ని పెట్టి, ఇక్కడ స్థిరపడ్డయి. కాకులైతే ఓడల మీద వచ్చినయి అంటరు. టికెట్ లేదు, మెడికల్ లేదు.

రెండో గడి ఆగస్టు చివర్ల తెరుచుకుంటది. మా దగ్గర ముందు వచ్చేది హుద్‌హుద్. నెత్తి మీద విసనకర్ర లాంటి కుచ్చు, పొడుగు ముక్కు, రెక్కల మీద నలుపు తెలుపు చారలు. మన దిక్కు కొన్ని చోట్ల కూకుడు గువ్వ అంటరు. తడి నేలల ముక్కు గుచ్చి పురుగులు తీస్తది. మా క్రేన్ ఆపరేటర్ పెషావర్ మనిషి. సులేమాన్ ప్రవక్తకు కబురు తెచ్చిన పిట్ట ఇదేనని, ఖురాన్‌ల దీని పేరు ఉన్నదని ఆయనే చెప్పిండు. అది వచ్చిన రోజు ఆయన నిలబడి చూసి గని బస్సెక్కడు.

తర్వాత ఇసుక రంగుల ఒక పిట్ట వస్తది. వీట్‌ఇయర్ అంటరు. గోడ అవతల కంకర కుప్ప మీద నిటారుగా నిలబడి, నాలుగడుగులు ఉరికి, మళ్లీ నిటారుగా నిలబడతది. లెవెల్ చూసే సర్వేయర్ లెక్క. ఇది మధ్య ఆసియా మైదానాల నుంచి దిగుతది. ఇంకొకటి తోక ఊపుడు పిట్ట, పొట్ట పసుపు, తోక ఒక్క నిమిషం ఆగదు. ఫెన్సింగ్ తీగ మీద శ్రైక్ అనే పిట్ట కూర్చుంటది. చూస్తే చిన్నదే, గని వేటగాడు. పట్టిన పురుగును ముల్లుకు గుచ్చి పెడతది. సెప్టెంబర్ నడుమ పసిరిక పిట్టల గుంపులు వస్తయి. ఇక్కడ ఏడాదంతా ఉండే పచ్చ పసిరిక వేరే. ఇవి పెద్దవి, పైనుంచి పోయేటివి. కనబడక ముందే "ప్రూప్, ప్రూప్" అని వినబడతది. తోక కత్తెర లెక్క చీలిన స్వాలోలు ఒక పూటంతా వైర్ మీద కూర్చుంటయి, పొద్దున చూస్తే ఒక్కటి ఉండదు.

అన్నిట్ల చిన్నది విల్లో వార్బ్లర్. వేపచెట్టు ఆకుల మధ్యల ఆకు రంగుల తిరుగుతది. బరువు దాదాపు పది గ్రాములు. మనం డెలివరీ నోట్ రాసే ఏ4 కాగితాలు రెండు తూకం వేస్తే ఎంతో, అంత. అది రష్యా అడవుల దిక్కు నుంచో, యూరప్ దిక్కు నుంచో బయలుదేరి, సహారా ఎడారి కింద ఉన్న ఆఫ్రికా దాకా పోతది. మన క్యాంపు దానికి ఊరు కాదు. దారిల ఒక బస్టాండ్.

అన్ని పిట్టలూ ఒక్క దిక్కే పోవు. మన ఊర్ల జొన్న చేన్ల మీదికి గుంపులు గుంపులుగా గులాబీ గోరింకలు వస్తయి, యాదికున్నదా? ఒళ్లు లేత గులాబీ, తల నలుపు. అవి కూడా మధ్య ఆసియా గడ్డి మైదానాల్ల పుట్టినయే. అక్కడి నుంచి అవి ఆగ్నేయంగా మన దేశం దిక్కు మర్లుతయి. పక్క గూటి పిట్టలు నైరుతిగా అరేబియా మీదుగా ఆఫ్రికా పోతయి. ఒక్క వాడల అన్న బొంబాయి పోయిండు, తమ్ముడు దుబాయి వచ్చిండు, గట్ల.

ఇవి ఎట్ల పోతయి అంటే, బయలుదేరే ముందు బగ్గ తింటయి. దూరం పోయే చిన్న పిట్టలు కొన్ని తమ బరువును దాదాపు రెండింతలు చేసుకుంటయి. ఆ కొవ్వే వాటికి డీజిల్. పసిరికలు, స్వాలోలు పగలు పోతయి. వార్బ్లర్ లాంటి చిన్నవి ఎక్కువగా రాత్రి పోతయి. రాత్రి చల్లగా ఉంటది, డేగల భయం తక్కువ. చుక్కలు చూసి, సూర్యుడు కుంకిన దిక్కు చూసి, భూమికి ఉన్న అయస్కాంత బలాన్ని పట్టుకొని దారి తెలుసుకుంటయి. తెల్లారేసరికి డీజిల్ అయిపోయిన దగ్గర దిగుతయి. అట్ల దిగిన దగ్గర మూడు కావాలె. నీళ్లు, నీడ, కొన్ని రోజులు ఎవ్వరూ బెదిరియ్యకపోవుడు. ఈ మూడు దొరికితే మళ్లీ బరువెక్కి ఎగురుతయి. దొరకకపోతే చాలావాటికి అక్కడే ఆఖరు.

ఇప్పుడు మన ముచ్చటకు వస్తా. ఎండలు తగ్గినంక సైట్లు ఊపందుకుంటయి. కొత్త వీసాల మీద పిల్లలు దిగేది కూడా అప్పుడే. రెండేళ్ల కింద సెప్టెంబర్ మొదటి వారంల మా బ్లాకుకు నిర్మల్ దిక్కు తమ్ముడు ఒకడు వచ్చిండు. ఇరవై ఒక్క ఏండ్లు. ఏజెంటుకు కట్టడానికి నాయిన మిత్తికి తెచ్చిండు. డ్యూటీ నుంచి వచ్చి, వెనకాల పెయింట్ డబ్బా బోర్లేసుకొని కూర్చునేటోడు. ఫోన్ చేతిల ఉంటది, ఇంటికి చేయడు. మెస్‌ల సగం తిని లేస్తడు. ఇసొంటి మౌనం ఇరవై రెండేళ్లల్ల చాలామంది దగ్గర చూసిన. "ధైర్యంగా ఉండు" అని చెప్తే అది తగ్గదు.

నేను వాడికి ఒక పని అప్పజెప్పిన. "తమ్మీ, వచ్చే వారం నేను నాలుగున్నర బస్సుకు పోవాలె. ఆ చెట్టు కింద మట్టి పళ్లెం ఉన్నది. పొద్దున నీళ్లు పారబోసి, కడిగి, కొత్త నీళ్లు పోయి. ఏ పిట్ట వచ్చిందో బుక్కుల రాయి" అన్న. "నాకు పిట్టల పేర్లు తెల్వదన్నా" అన్నడు. "తెల్వకపోతే నువ్వే పెట్టు" అన్న.

వారం తర్వాత బుక్కు తెరిస్తే హుద్‌హుద్‌కు "కిరీటం సార్" అని రాసిండు. వీట్‌ఇయర్‌కు "నిక్కి చూసేటోడు". తోక ఊపుడు పిట్టకు "తోక మేస్త్రి". అంకెలు సక్కగ వేసిండు. శుక్రవారం నాడు నాలుగు, శనివారం పదకొండు. ఆ సాయంత్రం వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి కిరీటం సార్‌ను చూపెడుతున్నడు. ఆమె అవతల నుంచి "అది తింటున్నది సరే, నువ్వు తిన్నవా బిడ్డా" అంటున్నది. వాడు నవ్విండు. వచ్చినంక అదే మొదటిసారి నేను వాడి నవ్వు చూసుడు.

ఒక ఆదివారం వాడిని కూర్చోబెట్టుకొని వార్బ్లర్‌ను చూపించిన. "తమ్మీ, ఈ జాతిల ఈ ఏడు పుట్టిన పిల్లలు మొదటిసారి తోవ పట్టినప్పుడు తల్లిదండ్రులు వెంట ఉండరు. ఎవ్వరూ చూపెట్టరు. ఏ దిక్కు పోవాలె, ఎన్ని రోజులు పోవాలె అనేది రక్తంలనే వస్తది" అన్న. వాడు చాలాసేపు చూసిండు. "దానికి ఏజెంటు లేడు గదా అన్నా, అప్పు కూడా లేదు" అన్నడు. ఇద్దరం నవ్వినం. గని ఆ మాటతోనే వాడు అప్పు ముచ్చట బయటపెట్టిండు. ఎంత తెచ్చిండ్రు, మిత్తి ఎంత, నెలకు ఎంత పంపితే ఎప్పటికి తీరుతది అని అదే బుక్కు వెనక పేజీల లెక్క వేసుకున్నం. పిట్టలు అప్పు తీర్చలేదు. వాడు నోరు తెరిచి చెప్పుకునేదానికి ఒక చోటు ఇచ్చినయి, అంతే. ఇప్పుడు వాడు షట్టరింగ్ కార్పెంటర్. కొత్తగా వచ్చిన పిల్లలకు పళ్లెం పని వాడే అప్పజెప్తడు.

నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. సెప్టెంబర్‌ల మన పెరట్లకు రెండు రకాల కొత్తోళ్లు దిగుతరు. ఇద్దరికీ కావాల్సినవి అవే మూడు. మొదటి వారం ఒకడు సిమ్ కొనిపిస్తే, ఒకడు బక్కాలా చూపెడితే, ఒకడు "కింది మంచం నువ్వు తీసుకో" అంటే, వాడు నిలదొక్కుకుంటడు. ఎవడన్నా తిండి మానేసి, నిద్ర మానేసి, బతుకు మీద మాటలు తేడాగా మాట్లాడుతున్నడంటే మాత్రం పళ్లెంతోని ఆగకండ్రి. వాడిని ఒంటిగా వదలద్దు. యూఏఈల మన ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం ఉన్నది, నంబరు 800 46342, ఫోన్ ఫ్రీ. వాడి పక్కన కూర్చొని మీరే చేయండ్రి.

పళ్లెం ఎట్ల పెట్టాలె అంటే, లోతు తక్కువ ఉండాలె, రెండు వేళ్లు చాలు. నడుమ ఒక రాయి పెడితే చిన్న పిట్ట దాని మీద నిలబడి తాగుతది. నీడల పెట్టాలె. పిల్లి దాక్కునే పొద పక్కన పెట్టద్దు. రోజూ కడిగి నీళ్లు మార్చాలె, లేకపోతే దోమలు పెడతయి, క్యాంపు బాస్ తీసేయమంటడు. ఉప్పు కారం కలిసిన అన్నం వేయద్దు. పిట్టను పట్టద్దు, ఉచ్చు పెట్టద్దు. ఇక్కడ చట్టం ఒప్పుకోదు. పేరు తెల్వకపోతే మెర్లిన్ అని ఫ్రీ యాప్ ఉన్నది, అమెరికాల కార్నెల్ యూనివర్సిటీ పక్షుల విభాగం వాళ్లది. ఫోటో పెడితే పేరు చెప్తది. ఫోటో తీసేటప్పుడు పక్కోళ్ల గదులు, మనుషులు పడకుండా చూసుకోండ్రి.

సైట్ మీద ఉన్నోళ్లకు మూడు మాటలు. ఒకటి, నిలువుగా పెట్టిన పైపులు, బోలు పోస్టులు మూత లేకుండా వదలద్దు. గూడు అనుకొని పిట్ట దిగుతది, రెక్క విప్పే జాగా ఉండదు, పైకి రాలేదు. ఎట్లాగూ కంకర పడకుండా క్యాప్ వేయాలె గదా, సాయంత్రమే వేయండ్రి. రెండు, రాత్రి పని లేని దగ్గర ఫ్లడ్ లైట్ బంద్ చేయండ్రి, పని ఉన్న దగ్గర కిందికి వంచండ్రి. రాత్రి పోయే పిట్టలు వెలుతురుకు దారి తప్పి బిల్డింగ్ చుట్టే తిరుగుతయి. మూడు, అద్దాలు. అద్దంల ఆకాశం కనబడితే పిట్టకు అది ఆకాశమే, వచ్చి గుద్దుకుంటది. అద్దం బయటి వైపు రెండు అంగుళాల ఎడంతో చుక్కలు అంటిస్తే చాలావరకు ఆగుతది. అది డిజైన్ వాళ్ల చేతిల ఉంటది, నిజమే. గని గ్లాస్ బిగించినంక పొద్దున కింద ఎన్ని పడ్డయో చూసేది మనోళ్లే. నేను లెక్క రాసి ఫోటోతో పాటు డైలీ రిపోర్ట్‌ల పెడత. రాతల ఉన్నది ఎప్పుడన్నా ఎవరో చదువుతరు. గుద్దుకొని పడ్డ పిట్ట బతికి ఉంటే, తూట్లు పెట్టిన షూ డబ్బాల పెట్టి, చీకటిగా, సప్పుడు లేని దగ్గర గంటసేపు ఉంచండ్రి. నోట్ల నీళ్లు పోయద్దు. తేరుకుంటే చెట్టు దగ్గర వదిలేయండ్రి.

ఇప్పుడు ఆ ముసలి చెట్టు సంగతి. ఇక్కడోళ్లు ఘాఫ్ అంటరు. 2008ల యూఏఈ దాన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. క్యాంపు కట్టేటప్పుడు దాన్ని కొట్టకుండ గోడను పక్కకు జరిపి కట్టిండ్రు. నేను చాలా రోజులు దాన్ని ఎడారి చెట్టు అనే అనుకున్న. ఒకసారి ఆకు తుంచి చూస్తే చేతికి తెలిసింది, జమ్మి. అవును, మన జమ్మి చెట్టే, ఒక్కటే జాతి. దసరా నాడు బంగారం అని చేతిల పెట్టి అలయ్ బలయ్ తీసుకుంటమే, ఆ ఆకు. అదొక్కటే కాదు, పాలపిట్ట కూడా ఈ దేశంల ఉన్నది. పార్కుల్ల, తోటల్ల, కరెంటు తీగల మీద ఏడాదంతా ఉంటది. 2014ల తెలంగాణ జమ్మిని రాష్ట్ర వృక్షం చేసింది, పాలపిట్టను రాష్ట్ర పక్షి చేసింది. రెండూ ఇక్కడ షార్జాల మనకంటే ముందు నుంచి ఉన్నయి. దసరాకు లీవు దొరకని వాళ్లం ఏడెనిమిది మందిమి నిరుడు ఆ చెట్టు కింద ఆకు పంచుకున్నం. పాలపిట్ట కోసం తోట దిక్కు నడిచి పోయి చూసి వచ్చినం. పెషావర్ అన్నకు కూడా ఆకు ఇచ్చినం. ఆయన జేబుల పెట్టుకున్నడు.

మూడో గడి పోయినోళ్లది. అక్టోబర్ వచ్చేసరికి గాలి మారుతది. ఒక పొద్దున వేపచెట్టు నిశ్శబ్దంగా ఉంటది, మస్టర్‌ల సున్నా పడుతది. మనోళ్లు కూడా గట్లనే పోతరు. సిద్దిపేట దిక్కు మేస్త్రి ఒకాయన ఇరవై నాలుగేండ్లు చేసి పోయిన అక్టోబర్‌ల వీసా క్యాన్సిల్ చేసుకొని పోయిండు. రాత్రి ఫ్లైట్. పొద్దున పరుపు మడిచి ఉన్నది. పోయే ముందు నాతోని ఒకటే అన్నడు. "ఆ పళ్లెం చిన్నగున్నది, చలికాలం వచ్చేటోళ్లకు పెద్దది పెట్టు" అని. నేను పెట్టిన.

పిట్ట "ఇంకొక్క ఏడాది చూద్దాం" అనుకోదు. పగటి పొద్దు ఇంత తగ్గితే పోవాలె, ఇంత పెరిగితే మర్లాలె అని దాని లోపల గడియారం ఉన్నది. మనకు ఆ గడియారం లేదు. ఇల్లు అయితే పోదాం అనుకుంటం, ఇల్లు అయితది, పెండ్లి అయితే పోదాం అనుకుంటం. అందుకే ఎవరి గడియారం వాళ్లే పెట్టుకోవాలె. బుక్కు ఆఖరి పేజీల నేను ఒక తారీఖు రాసుకున్న. నా బిడ్డ డిగ్రీ అయిపోయే నెల అది. ఇంట్ల చెప్పిన, మీకు కూడా చెప్తున్న, ఇగ తప్పించుకోవడానికి లేదు.

దుబాయి క్రీక్ చివర రాస్ అల్ ఖోర్ దగ్గర బస్సుల పోయేటోళ్లు కిటికీల నుంచి గులాబీ రంగు ఫ్లెమింగోలను చూస్తనే ఉంటరు. కువైట్‌ల ఉన్నోళ్లు, ఖతర్‌ల ఉన్నోళ్లు, మస్కట్‌ల ఉన్నోళ్లు, మీ క్యాంపు వెనక కూడా ఈ నెల ఎవరో ఒకరు దిగే ఉంటరు. పది నిమిషాలు కూర్చొని చూడండ్రి. ఏం కనబడిందో, ఎన్ని కనబడ్డయో వాయిస్ మెసేజ్ పంపండ్రి. పేరు తెల్వకపోతే మా తమ్ముని లెక్క మీరే పేరు పెట్టి పంపండ్రి. వచ్చే నెల అన్నీ కలిపి ఒక్క మస్టర్ చదువుదాం.

ఉంట మరి. నీళ్లు తాగుతుండండ్రి.